డౌరో లోయలో ద్రాక్షతోట: ఇంటి కన్నా ముందు గోడ చూడండి

హోస్ట్: నమస్కారం. ఈ వారం పోర్చుగల్‌లోని డౌరో లోయ. స్పిరిట్ కలిపి చేసే తియ్యటి పోర్ట్ వైన్‌కి పుట్టిల్లు. 1756లోనే, రాజు తరఫున పాలన నడిపిన మంత్రి మార్క్వెస్ ద పొంబాల్ హయాంలో హద్దులు గీసి, ఆ తర్వాత రాతి స్తంభాలు పాతిన ప్రాంతం. చూసొద్దామని వెళ్లి, పాత ఇల్లూ కాస్త తోటా కొనేద్దాం అనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ముందు ప్రయాణం సంగతి చెప్పండి.

గెస్ట్: పోర్టోలో రైలెక్కితే లోయలోని పిన్యావ్ అనే ఊరికి దాదాపు రెండున్నర గంటలు. కుడివైపు కిటికీ పట్టుకోండి, నది అటే ఉంటుంది. పిన్యావ్ స్టేషన్ గోడల మీద నీలిరంగు పలకల్లో కోతల బొమ్మలుంటాయి, దిగగానే చూసేయొచ్చు. కొనే ఉద్దేశం ఉంటే మాత్రం సెప్టెంబరులో వెళ్లకండి.

హోస్ట్: అదేంటండీ, అసలు కోతలు అప్పుడే కదా?

గెస్ట్: అందుకే వద్దంటున్నా. ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. పైగా తోట పెళ్లికూతురిలా ముస్తాబై ఉంటుంది, లోపాలు కనపడవు. రెండుసార్లు వెళ్లాలి. చలికాలం వానలు దంచి కొట్టాక జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి. గోడ, ఇంటి కప్పు, మట్టి దారి అప్పుడు బయటపడతాయి. ఆగస్టులో ఇంకోసారి, నీళ్ల కోసం. తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం అని అక్కడివాళ్ల సామెత. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే.

హోస్ట్: లోయ అంతా ఒకేలా ఉంటుందా?

గెస్ట్: లేదు. మరావ్ కొండలు అట్లాంటిక్ వానల్ని ఆపేస్తాయి. పడమటి వైపు బైషు కొర్గు, మధ్యలో సీమ కొర్గు, స్పెయిన్ సరిహద్దు దాకా డౌరో సుపీరియర్. తూర్పుకు పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది. తూర్పు కొసన పడేది పడమటి కొసతో పోలిస్తే సగం దాకానే. తూర్పున తోట చవగ్గా దొరికిందంటే, ముందు అడగాల్సింది నీళ్లెక్కడివి అని.

హోస్ట్: గోడ, గోడ అంటున్నారు. ఇంటి గోడేనా?

గెస్ట్: కాదు, మడి గోడ. అక్కడ భూమంతా కొండవాలు, పలకరాయి. మెట్లు మెట్లుగా చదును చేసి, ప్రతి మెట్టుకీ మట్టి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టారు. ఈ మెట్లను సొకాల్కోలు అంటారు. గోడ రాళ్ల సందుల్లోంచే వాన నీళ్లు బయటికి పోతాయి. గోడను ఎదురుగా నిలబడి చూస్తే ఏం తెలియదు. కొసన వంగి, గోడ పొడవునా చూపు పోనివ్వండి. మధ్యలో పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చిందంటే ఆ ముక్క పడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే.

హోస్ట్: సిమెంటుతో పూసేస్తే?

గెస్ట్: చాలామంది చేసే తప్పు అదే. సందులు మూసుకుపోతాయి, నీళ్లు వెనక నిలిచి మట్టి బరువెక్కుతుంది, గోడను తోసేస్తుంది. కూలితే రాళ్లతో పాటు మట్టీ, తీగలూ కింది మెట్టు మీద పడతాయి. ఆ కింది మెట్టు పక్కవాళ్లదైతే ఇంకో తలనొప్పి. చూడ్డానికి వెళ్లినప్పుడు కొత్త సిమెంటు కనిపిస్తే ఎందుకు పూశారో అడగండి. పొడిరాయి పేర్చే మేస్త్రీలు తక్కువ. అన్నట్టు, మేస్త్రీ అన్న మాట మనకొచ్చింది పోర్చుగీసు నుంచే.

హోస్ట్: బాగు చేయించడానికి లెక్క ఎలా?

గెస్ట్: గోడ ముఖాన్ని చదరపు మీటర్లలో కొలవాలి. ఒకటిన్నర మీటరు ఎత్తున్న వంద మీటర్ల గోడ అంటే 150 చదరపు మీటర్లు. అలాంటివి ఇరవై ఉంటే 3,000. అందులో పదో వంతు పడిపోయినా 300 చదరపు మీటర్లు చేత్తో పేర్చాలి. ఆ 300కి మేస్త్రీ దగ్గర అంచనా తీసుకుని, అప్పుడు బేరం ఆడండి. తోట 2001లో యునెస్కో గుర్తించిన భాగంలో ఉంటే, గోడలు తీసేసి యంత్రంతో చదును చేద్దామన్నా అనుమతి లేకుండా కుదరదు.

హోస్ట్: పాడుబడ్డ మెట్లు చవగ్గా వస్తాయంటారు.

గెస్ట్: వాటిని మొర్తోరియోలు అంటారు. 1860ల్లో వచ్చిన ఫిలోక్సెరా పురుగు తీగల వేళ్లు తినేశాక వదిలేసిన మడులు. చూడ్డానికి అందమే. కానీ యూరప్‌లో వైన్ ద్రాక్ష నాటాలంటే అనుమతి ఉండాలి. ఖాళీ మెట్టు కొన్నంత మాత్రాన తీగ నాటే హక్కు రాదు.

హోస్ట్: కాపు మీదున్న తోటకైతే ఆ బెడద లేదు.

గెస్ట్: దానికి ఇంకో కాగితం ఉంది, బెనెఫీసియో. ఏ మడి నుంచి ఎంత రసం పోర్ట్ వైన్‌కి వాడొచ్చో చెప్పే హక్కు. ఎత్తు, వాలు, నేల, తీగ వయసు లాంటి పన్నెండు అంశాలకు మార్కులేసి, మడులకు అక్షరాలిస్తారు. ఎ నుంచి ఎఫ్ దాకా ఉన్నవాటికే హక్కు. మొత్తం ఎంతన్నది ఏటా మారుతుంది. లెక్క 550 లీటర్ల పీపాల్లో. అవును, మన పీపాయే, అదీ వాళ్ల మాటే. ఈ హక్కున్న పండుకి మామూలు వైన్ పండు కన్నా ధర బాగా ఎక్కువ. అందుకే అమ్మేవాళ్లు ఇన్ని టన్నుల దిగుబడి అంటే తల ఊపకండి. ఏ మడికి ఏ అక్షరం, ఎన్ని పీపాలు అని కాగితం మీద చూపించమనండి.

హోస్ట్: ఇక అసలు కాగితాలు.

గెస్ట్: ముందు నిఫ్ అనే పన్ను నంబరు, అది లేనిదే ఏదీ కదలదు. తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి. పన్ను ఆఫీసు ఇచ్చే కదెర్నెత ప్రెదియాల్ ఒకటి, రిజిస్ట్రీ ఇచ్చే సెర్తిదావ్ పెర్మనెంత్ ఇంకోటి. పల్లెల్లో ఈ రెండింటిలో విస్తీర్ణం కలవకపోవడం చాలా చోట్ల ఉంటుంది. ఇంటికి ఒక నంబరు, పొలానికి ఇంకో నంబరు ఉంటాయి. సర్వే మ్యాపు లేని మండలాల్లో బుపీ అనే కౌంటర్‌లో హద్దులు మ్యాపుకెక్కించుకోవచ్చు. అమ్మేవాళ్ల చేత ముందే ఆ పని చేయించండి. వారసత్వపు ఆస్తి పంచుకోకుండా ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. ఒక్కరు తప్పినా పని ఆగుతుంది.

హోస్ట్: పక్క పొలంవాళ్లకి కూడా హక్కుంటుందట కదా?

గెస్ట్: దీని గురించి ఏజెంట్లు నోరెత్తరు. సివిల్ కోడ్ 1380వ అధికరణం. చిన్న కమతం అమ్ముతుంటే, అదే ధరకు ముందు తాము కొనే హక్కు హద్దుదారులకు ఉంటుంది. ధర, షరతులు అమ్మేవాళ్లు వాళ్లకి తెలియజేయాలి. మామూలుగా జవాబుకి ఎనిమిది రోజులు. చెప్పకుండా అమ్మేస్తే, సంగతి తెలిసిన ఆరు నెలల్లో హద్దుదారు కోర్టుకెళ్లి, ధర డిపాజిట్ చేసి భూమి తీసేసుకోవచ్చు. అప్పటికి మీరు గోడలు బాగు చేయించి కూర్చుని ఉంటారు. కాబట్టి ప్రతి హద్దుదారుకీ రిజిస్టర్డ్ ఉత్తరం వెళ్లిందా, రసీదు ఉందా అని లాయరు చేత చూపించుకోండి. లాయరు మీ మనిషి అయ్యుండాలి, ఏజెంటు చూపించినవాడు కాదు.

హోస్ట్: అడ్వాన్స్ సంగతి?

గెస్ట్: సీపీసీవీ అనే అగ్రిమెంటు రాసుకుంటారు, 10 శాతం ఇవ్వడం మామూలు. మీరు వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోతుంది. వాళ్లు తగ్గితే రెట్టింపు కట్టాలి. పొలం భాగానికి కొనుగోలు పన్ను 5 శాతం, స్టాంపు 0.8. లక్ష యూరోల పొలానికి 5,800 అన్నమాట. ఇంటి భాగానికి లెక్క వేరు, కాబట్టి అగ్రిమెంటులోనే ధరను రెండుగా విడగొట్టి రాయించండి. 2024 నుంచి రిజిస్ట్రేషన్‌లో ఇంటి వాడుక లైసెన్సు చూపించడం తప్పనిసరి కాదు. హమ్మయ్య అనుకోకండి. అడగడం ఇప్పుడు పూర్తిగా మీ వంతైంది.

హోస్ట్: ఇల్లు కొంటే గోల్డెన్ వీసా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఇస్తారట కదా?

గెస్ట్: 2023 అక్టోబరులోనే ఆ దారి మూసేశారు. ఇంకా ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

హోస్ట్: నీళ్ల సంగతి మిగిలిపోయింది.

గెస్ట్: పాత తోటలకు మీనా ఉంటుంది, కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగం. ఊట వచ్చి తొట్టిలో పడుతుంది. ఆగస్టులో బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని నిమిషాలో చూడండి. ఆ ఊట మీ ఒక్కరిదేనా, వారంలో కొన్ని రోజులు పక్కవాళ్లదా అన్నది కాగితంలో చూసుకోండి. ఇంకొక్క మాట. తీగల కత్తిరింపు చలికాలంలో జరుగుతుంది. రిజిస్ట్రేషన్ నవంబరులో ఉంటే, కత్తిరించే మనుషుల్ని అక్టోబరులోనే మాట్లాడి పెట్టుకోండి. డిసెంబరులో వెతికితే దొరకరు.