ధనియం నుంచి తాలింపు దాకా

అందరికీ నమస్కారం. మిద్దె తోట వేసేవాళ్ళు తరచుగా అడిగే మాట ఒకటుంది: "ధనియాలు చల్లి వారమైంది, ఒక్కటీ మొలవలేదేం?"

ఒక ధనియాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. మనం గింజ అనుకునేది నిజానికి కాయ, లోపల రెండు విత్తనాలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే రెండు బద్దలుగా విడిపోతుంది. గట్టిగా ఒత్తితే నలిగి పొడి అవుతుంది, ఇక మొలవదు. ఆ బద్దల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డ మీద ఆరనిచ్చి, అర అంగుళం లోతున విత్తండి. మొలక రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఈలోగా మట్టి కెలకొద్దు.

కుండీ 8 అంగుళాల లోతైనా ఉండాలి. తల్లివేరు నిటారుగా దిగుతుంది, అందుకే నారు పీకి నాటితే సరిగా తిప్పుకోదు. ఎండాకాలంలో నాలుగాకులు వేయగానే పూతకొస్తే అది వేడి వల్ల. ఎరువు వేసి లాభం లేదు, సగం నీడలోకి మార్చండి.

పుదీనాకి విత్తనంతో పనిలేదు. కట్టలోని ముదురు కాడ 4 అంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్ళలో ఉంచితే వారం పది రోజుల్లో వేళ్ళొస్తాయి. దాని కుండీ దానికే ఉండాలి, పక్క మొక్కని బతకనివ్వదు.

కరివేపాకుని ఆకులు దూయకండి, రెమ్మ కొన తుంచండి. కింది నుంచి కొత్త రెమ్మలు పుడతాయి. లేతాకు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. ఆ ఆకుని వంటకు వాడొద్దు, తర్వాత వచ్చే కొత్త చిగురు వాడుకోండి.

ఇక వంట. కరివేపాకు వాసన నూనెలోకి దిగుతుంది కాబట్టి తాలింపులో, తడి లేకుండా వేయాలి. కొత్తిమీర వాసన ఆవిరితో పోతుంది కాబట్టి పొయ్యి కట్టేశాకే వేయాలి. దాని కాడలు మాత్రం చారుతో పాటు మరగనివ్వండి, లేదా పచ్చడిలో రుబ్బండి. పుదీనా పచ్చడికి ఆకు నూనెలో వడలగానే దించాలి, మాడితే చేదెక్కుతుంది.

కరివేపాకులో, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ దండిగా ఉంది, కొంచెం నూనె ఉంటే ఒంటికి బాగా పడుతుంది. కంచం అంచుకి నెట్టేస్తే ఏం లాభం? వేయించి పొడి కొట్టండి, పిల్లలు కూడా తింటారు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు మాత్రం ఆకుకూరలు, పచ్చళ్ళు ఒక్కసారిగా పెంచకండి, తగ్గించకండి. వీటిలోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. డాక్టర్‌కి చెప్పి, రోజూ ఒకే మోతాదులో తినండి.