పుట్టిన బిడ్డ ఒంటి మీద పెద్ద నల్ల మచ్చ: టేపు పట్టి చూద్దాం

నమస్కారం. లేబర్ రూమ్‌లో, ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స వార్డులో) డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం ఈ వీడియో.

బిడ్డ ఒంటి మీద మచ్చ కనబడగానే "గ్రహణం నాడు బయటికెళ్లావా?" అని తల్లిని నిలదీసేవాళ్లు వార్డులో ఎవరో ఒకరుంటారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కడుపులో పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక కణంలో, చాలాసార్లు ఎన్‌రాస్ అనే జన్యువులో, వచ్చిన మార్పు ఇది. ముందు ఆ తల్లికి ఈ మాట చెప్పండి, మిగతాది తర్వాత.

ఈ ఫోటో చూడండి. నడుము కింద నీలం కలిసిన బూడిద రంగు. తడిమితే మామూలు చర్మమే, అంచు ఎక్కడుందో తేలదు. మన పిల్లల్లో చాలామందికి ఉండే మంగోలియన్ మచ్చ ఇది. చాలావరకు కొన్నేళ్లకు మాసిపోతుంది. అయినా కేసు షీట్‌లో రాయండి. లేకపోతే రేపు ఎవరో దీన్ని చూసి బిడ్డను కొట్టారనుకుంటారు.

ఇప్పుడు ఇది. ముదురు గోధుమ రంగు, మధ్యలో నలుపు, అంచు తేటగా ఉంది. టార్చి పక్క నుంచి వేస్తున్నా చూడండి: చర్మం కాస్త ఉబ్బెత్తుగా, గరుకుగా ఉంది, మీద నల్లటి నూగు. ఇది పుట్టుకతో వచ్చే మెలనోసైటిక్ నీవస్, అంటే చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడి ఏర్పడిన మచ్చ. నూగు లేదని కొట్టిపారేయకండి, అది తర్వాత కూడా రావచ్చు.

టేపు తీయండి. బాగా పొడవున్న చోట కొలవండి. పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటేదాన్ని 'పెద్దది' అంటాం. పుట్టినప్పుడు ఒంటి మీద 6, తల మీద 9 సెంటీమీటర్లున్నా సుమారుగా అంతకే చేరుతుంది. తల కన్నా ఒళ్లు ఎక్కువ ఎదుగుతుంది కదా, అందుకే రెండు లెక్కలు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు పని ఇప్పుడే ఉంది. బిడ్డను బోర్లా తిప్పండి. జుట్టు పాయలు తీసి, చంకలు, గజ్జలు, అరికాళ్లు చూసి ఇలాంటి చిన్న మచ్చలన్నీ లెక్కపెట్టండి. రెండోది కనబడిందా, అది ఎంత చిన్నదైనా సరే, మెదడులోనూ ఈ రంగు కణాలు ఉండొచ్చని అనుమానించాలి. ఎమ్మారై ఆరు నెలల్లోపే చేయించాలి. ఆ తర్వాత మెదడులో మైలిన్ (నరాల పోగుల మీది పూత) పెరిగి, ఈ కణాలు స్కాన్‌లో సరిగా కనబడవు. చంటిబిడ్డకైతే పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చితే చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు.

క్యాన్సర్ అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. మచ్చ పెద్దదయ్యేకొద్దీ ముప్పు పెరుగుతుంది, కానీ ఎక్కువమందికి అది రాదు. ప్రతి మచ్చకూ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం లేదు. కొత్తగా గడ్డ లేచినా, పుండు పడినా మాత్రం వెంటనే చర్మవైద్యులకు పంపండి. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టడం మరవకండి, వచ్చే విజిట్‌లో పోల్చేది దాంతోనే.