స్కూల్ పిల్లలు, ప్రొఫెషనల్స్ కలిసి వాయించిన జాజ్ కచేరీ: ఆ నాలుగు బార్ల కోసమైనా వెళ్లాలి

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఒక కచేరీ మీద. స్కూల్ పిల్లల బిగ్ బ్యాండ్, అంటే సాక్సఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు వరుసలుగా ఉండే పెద్ద జాజ్ బృందం, వాళ్లతో పాటు ప్రొఫెషనల్ జాజ్ వాద్యకారులు. ముందే చెప్పేస్తాను, పాస్‌లు నిర్వాహకులే పంపారు. డబ్బేమీ తీసుకోలేదు, ఈ వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. ఎవరెవరు వచ్చారు, ఏమేం వాయించారు అన్నది పోస్టర్‌లో మీరు చూసే ఉంటారు కాబట్టి మళ్లీ చదవను.

నేరుగా నాకు బాగా నచ్చిన చోటికి వెళ్లిపోదాం. జాజ్‌లో 'ట్రేడింగ్ ఫోర్స్' అని ఒకటుంది. బార్ అంటే ఇలాంటి పాటల్లో నాలుగు బీట్ల, అంటే నాలుగు తాళం దెబ్బల, చిన్న ముక్క. నాలుగు బార్లు ఒకరు వాయిస్తే, తర్వాతి నాలుగు బార్లు ఇంకొకరు అందుకుంటారు. సవాల్ జవాబ్ అనుకోండి. నాలుగు బార్లంటే పదహారు బీట్లు. కాస్త వేగమైన పాటలో అది అయిదారు సెకన్లే! ఆ కాస్త సమయంలో, కాగితం మీద ఏమీ లేకుండా, అప్పటికప్పుడు ఏదో ఒకటి పుట్టించాలి.

ఆల్టో సాక్సఫోన్ వాయించే అమ్మాయి వంతు వచ్చింది. మూడు స్వరాలు వాయించి ఆగిపోయింది. మిగతా బార్లన్నీ ఖాళీ. హాల్లో అందరికీ టెన్షన్. ఆమె తర్వాత వంతు ప్రొఫెషనల్ ట్రంపెట్ ఆయనది. ఆయన ఏం చేశారో తెలుసా? ఆ మూడు స్వరాలనే తీసుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టారు. చివరి స్వరాన్ని కొంచెం వంచి, మళ్లీ అదే తిప్పి వాయించి, ఆ అమ్మాయి వైపు చూశారు. అంతవరకు తడబాటులా వినిపించింది ఒక్కసారిగా పల్లవిలా వినిపించింది. రెండో రౌండ్‌లో ఆ అమ్మాయి నాలుగు బార్లూ నింపేసింది, అదీ ధైర్యంగా. ఎంత పై స్వరం అందుకోగలడో, ఎంత వేగంగా వేళ్లు కదపగలడో చూపించుకునే అవకాశం ఆయనకి బోలెడంత ఉంది. చూపించుకోలేదు. పిల్ల వాయించింది విన్నాడు, దానికి జవాబు చెప్పాడు. పిల్లల పక్కన పెద్దవాళ్లు ఎందుకుండాలి అంటే, ఇదిగో, ఇందుకు.

అది జరిగిన పాట అమెరికన్ జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ 'సి జామ్ బ్లూస్'. పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు బార్ల చుట్టు మళ్లీ మళ్లీ తిరిగే పాట. అసలు ట్యూన్‌లో ఉన్నవి సి, జి అనే రెండు స్వరాలే, కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా పట్టుకోగలరు. కానీ ట్యూన్ వెనక దాక్కోవడం కుదరదు. స్వింగ్ అనే జాజ్ ఊపు రావాలి, సోలో, అంటే ఒక్కరే అల్లుకుంటూ వాయించడం, రావాలి, లేదంటే పాటే లేదు. అమెరికాలో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ సంస్థ 1990ల నుంచి ఎల్లింగ్టన్ పాటల స్కోర్లను, అంటే స్వరాలు రాసిన కాగితాలను, హైస్కూల్ బ్యాండ్లకి ఉచితంగా పంపుతోంది. అది చాలా మంచి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మంచి నిర్ణయం, ప్రొఫెషనల్స్‌ని వరుసల మధ్యలో కూర్చోబెట్టడం. స్వింగ్‌ని కాగితం మీద పూర్తిగా రాయలేం. ఒక బీట్‌లో పట్టే రెండు అర బీట్ స్వరాలు (ఎయిత్ నోట్స్) సమానంగానే రాసి ఉంటాయి, వాయించేటప్పుడు మొదటిది సాగుతుంది, రెండోది కురచవుతుంది. ఎంత సాగాలన్నది పాట వేగాన్ని బట్టి మారిపోతుంది. పక్క కుర్చీలోంచి చెవిలో పడితే తప్ప అది ఒంటబట్టదు. నేను ఇంతకు ముందు చూసిన ఇలాంటి కచేరీల్లో అతిథి ముందు నిలబడి సోలో మీద సోలో వాయించుకుంటూ పోతారు, పిల్లలు వెనక సాయంత్రమంతా పొడుగాటి స్వరాలు పట్టుకుని కూర్చుంటారు. నాకు అది చూస్తే మనసు ఊరుకోదు. ఇక్కడ ట్రాంబోన్ వరుసలో పెద్దాయన ఊపిరి తీసినప్పుడే పిల్లలూ తీస్తున్నారు. స్వరం ముగిసేది కూడా అందరికీ ఒకే చోట.

ఇప్పుడు కోపం వచ్చిన సంగతి. సౌండ్! అయిదు సాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు ఉన్న బ్యాండ్‌కి ఆ చిన్న హాల్లో అన్ని మైకులు ఎందుకండీ? డ్రమ్స్‌కి మైకులు, బాస్ ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) పూర్తిగా పైకి. పియానో వాయించే అబ్బాయి వేళ్లు కదులుతున్నాయి, శబ్దం మాత్రం రావట్లేదు. కౌంట్ బేసీ అనే అమెరికన్ జాజ్ పియానిస్ట్ నడిపిన బిగ్ బ్యాండ్‌లో ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్ట్ 1937లో చేరి, దాదాపు యాభై ఏళ్లు ఆంప్ లేని గిటార్ మీద బార్‌కి నాలుగు మీటులు మీటుతూ బ్యాండ్ మొత్తాన్నీ నడిపించారు. మిగతావాళ్లు శబ్దం తగ్గించుకుని ఒకరినొకరు వింటేనే అది సాధ్యం. పిల్లలు మొదట నేర్చుకోవాల్సింది కూడా అదే, స్పీకర్లు దాన్నే మింగేశాయి. పైగా సోలో మైకు ఒక్కటే, అదీ స్టేజీ చివర. వెనక వరుస పిల్లలు లేచి అక్కడికి చేరేసరికి మొదటి బార్ అయిపోతోంది. ఇది పిల్లల తప్పు కాదు.

మధ్యలో వచ్చిన నెమ్మది పాట, గాత్రం పర్వాలేదు. ప్రసంగాలు పొడుగు.

నా మాట ఏంటంటే, వెళ్లండి. సౌండ్ మీద ఇంత కోపం ఉన్నా వెళ్లమనే చెబుతున్నాను, ఆ ట్రంపెట్ జవాబు అంత బాగుంది. స్పీకర్లకి దూరంగా, మధ్యలో ముందు వరుసలు చూసుకోండి. సోలో అవగానే పాట మధ్యలోనైనా చప్పట్లు కొట్టొచ్చు, జాజ్‌లో అది మామూలే, పిల్లలకి అది చాలా అవసరం కూడా. నిర్వాహకులు ఈ వీడియో చూస్తుంటే ఒక్క కోరిక: ఈసారి ఒక ప్రసంగం తగ్గించి, ఆ నాలుగు బార్ల రౌండ్ వెనక వరుసలో మూడో ట్రంపెట్ అబ్బాయి దాకా తిప్పండి.