రొయ్యల మందు అమ్మని మనిషి చెరువు గట్టు మీద ఉండాలి

(కావలిలో ఇంటర్ బైపీసీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక ఫిషరీస్ పట్టభద్రుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బైపీసీ అనగానే ఇంట్లో ఎంబీబీఎస్ అంటారు. రాకపోతే వెటర్నరీ, అదీ కాకపోతే అగ్రికల్చర్. ఫిషరీస్ మాట ఎవరన్నా గుర్తు చేస్తే వస్తుంది. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో 1991 నుంచీ ప్రభుత్వ ఫిషరీ సైన్స్ కాలేజీ ఉన్నా, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులున్న ఇళ్ళలోనే కొందరికి ఆ సంగతి తెలియదు.

బీఎఫ్‌ఎస్‌సీ, అంటే ఫిషరీ సైన్స్ డిగ్రీ, నాలుగేళ్ళ కోర్సు. నీటి రసాయనం, హేచరీ (పిల్లల్ని పుట్టించే కేంద్రం) పని, జబ్బులు, ప్రాసెసింగ్, ఎకనామిక్స్ అన్నీ చెబుతారు. సిలబస్ వివరాలు పక్కన పెట్టి, ఈ చదువు చెరువు గట్టు మీద దేనికి పనికొస్తుందో చెబుతాను.

వెనామీ రకం రొయ్యల చెరువులో తెల్లారుజామున రొయ్యలు పైకి తేలి గట్టువారకు వస్తే మనవాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది. వెంటనే మందుల షాపుకు ఫోన్ చేస్తారు. నిజానికి రాత్రంతా రొయ్యలు, నీటిలో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టన్), అడుగున కుళ్ళే మేత అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి. దాన్ని తయారు చేయడానికి కావలసిన ఎండ మాత్రం ఉండదు. అందుకే సూర్యోదయానికి ముందే ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ముందు మీటరు పెట్టి చూడాలి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందేమో చూడాలి. మిగిలితే ఆ పూట మేత తగ్గించాలి. దీనికి ఏ మందు డబ్బా అక్కర్లేదు.

వైట్ స్పాట్ అనేది రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే జబ్బు. చెరువులోకి వచ్చాక దాన్ని నయం చేసే మందు లేదు. టైగర్ రొయ్య రోజుల్లో, 1990ల మధ్యలో, అది మన తీరాన్ని ఎలా ముంచిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక ఈ.హెచ్.పి. అనే సూక్ష్మ పరాన్నజీవి ఇంకో తలనొప్పి అయింది. దాంతో రొయ్యలు ఒక్కసారిగా చావవు, ఎదగవు. మేత ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది, కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, దిగదు. దీనికీ నమ్మదగ్గ మందు లేదు. పీసీఆర్ (జబ్బు క్రిమిని పట్టే ల్యాబు పరీక్ష) చేసిన సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేయడం, పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి సున్నం వేయడం, ఇవే దారులు.

ఈ మాట రైతుకు చెప్పేదెవరు? గట్టు మీదికి వచ్చేవాళ్ళలో చాలామంది మేతో మందో అమ్మాల్సినవాళ్ళే. వాళ్ళను తప్పుపట్టను, నేనూ కొన్నాళ్ళు ఆ ఉద్యోగమే చేశాను. టార్గెట్ అంటే ఏమిటో తెలుసు. కానీ యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే విదేశాల్లో సరుకు తిరగ్గొడతారు. ఆ నష్టం చివరికి రైతు రేటు మీదే పడుతుంది. ప్రజల డబ్బుతో చదివినవాడు "అన్నా, ఇది కొనొద్దు" అనగలగాలి. మన ఊళ్ళకు ఇప్పుడు అలాంటివాళ్ళే తక్కువ.

ఉద్యోగాల సంగతి త్వరగా చెప్పేస్తాను. హేచరీలు, ల్యాబులు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, మత్స్యశాఖ ఉన్నాయి. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులకూ ఈ డిగ్రీ చెల్లుతుంది. మత్స్యశాఖ నోటిఫికేషన్లు ఏటా రావు, ఆ ఆశతోనే చేరకండి. ల్యాబులో పీసీఆర్ చేయడానికి ఆడపిల్లా మగపిల్లాడా అన్న లెక్క లేదు, అమ్మానాన్నలు ఇది వినాలి.

అడ్మిషన్ ఈఏపీసెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ర్యాంకుతోనే. రైతు కోటా నిబంధనలు నోటిఫికేషన్‌లో చదివి, భూమి కాగితాలు, చదువు సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దిపెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం మహా కష్టం. ఇక అడగండి, మొదటి ప్రశ్న ఫీజు గురించేనని నాకు తెలుసు.