ఆర్లింగ్టన్‌లో రెండు స్టేడియాలు, మా సోఫాలో రెండు పార్టీలు

హాయ్ అండీ, ఎలా ఉన్నారు? ఈసారి ఫోనూ లేదు, కారూ లేదు, రెండు ఆటలకి రివ్యూ చెప్తున్నా. బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్. నీకేం తెలుసని చెప్తున్నావ్ అంటారేమో, ఉండేది డల్లాస్ పక్కన, మా బావ బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ మనిషి, మా తమ్ముడు ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ మనిషి, సీజన్ వచ్చిందంటే సోఫాలో ఇద్దరికీ మధ్య కూర్చునేది నేను. అంతకు మించి అర్హత ఏం కావాలి?

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. డల్లాస్ పక్కనుండే ఆర్లింగ్టన్‌లో ఈ రెండు టీముల స్టేడియాలూ దగ్గర్లోనే ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళిపోవచ్చు. కౌబాయ్స్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియం 2009లో వచ్చింది, 80 వేల మంది పడతారు. రేంజర్స్ ఆడే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో వచ్చింది, అందులో సగం ఉంటుంది. రెండింటికీ మూసి తెరిచే పైకప్పు ఉంది, టెక్సాస్ ఎండకి అది లేకపోతే జులైలో జనం అప్పడాలైపోతారు.

సరే, గొడవ ఎక్కడ మొదలవుతుందంటే మ్యాచ్‌ల లెక్క దగ్గర. బేస్‌బాల్‌లో ఒక్కో టీమ్ ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, ఫుట్‌బాల్‌లో 17. మా తమ్ముడి మాట ఏంటంటే, "బావా, అది ఆట కాదు, డైలీ సీరియల్. నెల రోజులు చూడకుండా వచ్చినా కథ అక్కడే ఉంటుంది." బావ ఊరుకుంటాడా? "ఒరేయ్ బామ్మర్దీ, మా సీరియల్‌లో కనీసం చివరికి పెళ్ళయింది. మీ కౌబాయ్స్‌కి పెళ్ళిచూపులు కూడా కుదరట్లేదు."

ఇందులో విషయం ఉందండీ. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్, అంటే ఫుట్‌బాల్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో. ఆ తర్వాత సూపర్ బౌల్ సంగతి దేవుడెరుగు, దానికి ముందుండే కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా చేరలేదు. మా తమ్ముడు పుట్టింది అదే ఏడాది మార్చిలో. వాడొచ్చేసరికి విందు అయిపోయి విస్తళ్ళు కూడా ఎత్తేశారు. "నువ్వు పుట్టాకేరా వాళ్ళకీ శని" అని బావ కనీసం యాభై సార్లు అని ఉంటాడు.

ఇంకో దరిద్రం ఏంటంటే వీళ్ళు ఓడేది సరిగ్గా సంక్రాంతి రోజుల్లో. ప్లేఆఫ్స్ ఉండేది జనవరిలో కదా. 2022లో శాన్ ఫ్రాన్సిస్కో మీద 23-17తో వెనకబడి ఉన్నారు, ఇంకా 14 సెకన్లుంది, గడియారం ఆపుకునే టైమౌట్లు లేవు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ప్లేయర్, డాక్ ప్రెస్కాట్ బంతి పట్టుకుని తనే మధ్యలోంచి పరిగెత్తాడు. బాగానే పరిగెత్తాడు కానీ మళ్ళీ ఆట మొదలవ్వాలంటే ముందు అంపైర్ వచ్చి బంతిని సరిచేయాలి, ఆయనొచ్చి సరిచేసేలోపు గడియారం అయిపోయింది. రైలు కదులుతుంటే సమోసా కోసం దిగినట్టు ఉంది ఆ వ్యవహారం. 2024 అయితే ఇంకా ఘోరం, జనవరి 14, సరిగ్గా భోగి, సొంత గ్రౌండ్‌లో గ్రీన్ బే చేతిలో 48-32తో పోయారు. మా తమ్ముడు జెర్సీ విప్పి భోగిమంటలో వేసేస్తా అన్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో మంట వేయనివ్వరు కాబట్టి ఆ జెర్సీ బతికిపోయింది, ఇప్పటికీ అదే వేసుకుంటాడు.

అలాగని బావ సుద్దపూస అనుకోకండి. ఆయన రేంజర్స్ 1972లో ఆర్లింగ్టన్ వచ్చారు, మొదటి వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్, ఏడు మ్యాచ్‌ల దాకా సాగుతుంది) గెలిచింది 2023లో. 51 ఏళ్ళు! మధ్యలో 2011 ఫైనల్ ఉంది, ఆరో గేమ్, సెయింట్ లూయిస్ మీద. ఇంకొక్క స్ట్రైక్ పడితే, అంటే బ్యాటర్ ఇంకొక్క మంచి బంతి మిస్సయితే, కప్పు. పడలేదు. తర్వాతి ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు, మళ్ళీ పడలేదు, చివరికి సిరీసే పోయింది. మనకి 2003 ఫైనల్ పేరెత్తితే ఎలా ఉంటుందో బావకి అది అలా. ఆ టాపిక్ వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతాడు. 2023 ప్లేఆఫ్స్‌లోనూ వింతే, బయట ఊళ్ళలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు, ఇంట్లో మాత్రం తడబడ్డారు. "ఇంట్లో పిల్లి, వీధిలో పులి" అని తమ్ముడు సామెతని తిరగేసి మరీ ఏడిపించాడు.

ఇక తమ్ముడి దగ్గరున్న పెద్ద అస్త్రం, బేస్‌బాల్ మెత్తని ఆట, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ నిలబడతారు అని. దానికి బావ ప్రతిసారీ ఒకే వీడియో పెడతాడు. 1993 ఆగస్టు 4, ఆర్లింగ్టన్. రేంజర్స్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నోలన్ రయాన్‌కి అప్పటికి 46 ఏళ్ళు. ఆయన వేసిన బంతి తగిలిందని షికాగో బ్యాటర్ రాబిన్ వెంచురా, 26 ఏళ్ళ కుర్రాడు, కొట్టడానికి మీదకి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన వాడి తల చంకలో ఇరికించుకుని, ఊళ్ళో తోటలో మామిడికాయలు కోస్తూ దొరికిన పిల్లాడికి పడ్డట్టు గుద్దులు గుద్దాడు. కామెడీ ఏంటంటే అంపైర్లు పంపేసింది వెంచురాని, రయాన్ మళ్ళీ బంతి తీసుకుని ఆట కొనసాగించాడు. ఈ ఒక్క వీడియోతో తమ్ముడు పది నిమిషాలు సైలెంట్.

ఇప్పుడు నా మాట. క్రికెట్ కళ్ళతో చూస్తే బేస్‌బాల్‌లో మొదట నాకు కొరుకుడుపడనిది బ్యాట్ పడేసి పరిగెత్తడం, మనమేమో చివరి అంగుళం దాకా బ్యాట్ వదలం. వెనక్కి కొడితే ఫౌల్ అంటే ఇంకా బాధ, స్కూప్ షాట్‌కి ఇక్కడ విలువే లేదు. కానీ అదే ఫౌల్ బంతి గ్యాలరీలోకి వచ్చి మీ చేతిలో పడితే అది మీదే, తిరిగి ఇవ్వక్కర్లేదు! పోయినసారి మా అక్క కొడుకుకి ఒకటి దొరికింది, వాడు రెండు రోజులు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. 2023 నుంచి ఇంతసేపట్లో బంతి వేయాలని పిచర్‌కి గడియారం కూడా పెట్టారు, దాంతో మ్యాచ్ సుమారు 24 నిమిషాలు తగ్గింది, రెండున్నర గంటలు దాటి కాసేపట్లో బయటపడొచ్చు.

ఫుట్‌బాల్ మూడు గంటల పైనే. అందులో నిజంగా బంతి ఆడేది ఎంతసేపని 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ వాళ్ళు లెక్కేస్తే సుమారు 11 నిమిషాలు వచ్చింది. మిగతాదంతా యాడ్స్, రీప్లేలు, గుంపుగా తలలు కలిపి గుసగుసలు. టీవీలో ఆ ఖాళీలో రీప్లేలు చూస్తూ మిర్చి బజ్జీలు తినొచ్చు, కాబట్టి బాగుంటుంది. స్టేడియంలో యాడ్స్ టైమ్‌కి ప్లేయర్లు ఊరికే నిలబడి ఉంటారు, మీరూ నిలబడి ఉంటారు. పైగా పైన వేలాడే తెర 160 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు. 2009లో ప్రాక్టీస్ మ్యాచ్‌లో తన్నిన బంతి వెళ్ళి ఆ తెరకే తగిలింది. అంత డబ్బు పోసి వెళ్ళి నేను చూసింది కూడా ఆ తెరనే. అంటే టీవీ చూడ్డానికి పార్కింగ్ కట్టి వెళ్ళా!

నా తీర్పు ఇదీ. బేస్‌బాల్ గ్రౌండ్‌కెళ్ళి చూడండి, పదికి ఎనిమిది. టీవీలో నాలుగు. ఫుట్‌బాల్ ఇంట్లో చూడండి, పదికి తొమ్మిది. స్టేడియంలో ఆరు, అది కూడా ఆ అరుపులకి.

అన్నట్టు పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో క్రికెట్ స్టేడియం ఉంది, 2024 జూన్ 6న అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. అది ఒకప్పుడు బేస్‌బాల్ గ్రౌండ్. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి తమ్ముడు "చూశావా బావా, మీ గ్రౌండ్ కూడా మీ ఆట చూడలేక మారిపోయింది" అంటున్నాడు.

ఒక్క నిమిషం, ఎడిటింగ్ చేస్తుంటే బావ వెనక నుంచి చూశాడు. టీవీలో బేస్‌బాల్‌కి నాలుగేంటని అడుగుతున్నాడు. ఆదివారం అక్క పులిహోర చేస్తోంది, కాబట్టి ఐదు చేసేస్తున్నా. తమ్ముడికి చెప్పకండి.