చదివేవాళ్ళు కెమెరా వైపు చూడరు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీ జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ ఎక్కి, న్యూయార్క్ నైన్త్ స్ట్రీట్‌లో దిగి, వాషింగ్టన్ స్క్వేర్ పార్క్‌కి వచ్చాను. ఇంట్లో వారం బట్టలు ఉతక్కుండా పడి ఉన్నాయి. ఆ సంగతి అడక్కండి.

పార్క్‌లో ఉన్న ఆర్చ్‌కి దగ్గర్లో ఈ పెద్ద బిల్డింగ్ చూశారా? ఆండ్రే కెర్టెష్ అనే ఫోటోగ్రాఫర్ 1952 నుంచి ఇందులోనే, పన్నెండో అంతస్తులో ఉండేవారు. పుట్టింది బుడాపెస్ట్‌లో. పారిస్‌లో పేరొచ్చాక 1936లో ఇక్కడికొచ్చారు. యుద్ధం రోజుల్లో శత్రుదేశం మనిషివని బయట ఫోటోలు తియ్యనివ్వలేదట. మన వీసా టెన్షన్లు దాని ముందు ఎంత!

ఆయన తీసిన వాటిలో నాకు ప్రాణం, చదువుకునేవాళ్ళ ఫోటోలు. 1915లో హంగరీలో ముగ్గురు పిల్లలు ఒకే పుస్తకం మీదకి వంగిపోయారు. 1929లో ఫ్రాన్స్‌లో, బోన్ ఊరి ధర్మాసుపత్రిలో, ఒక ముసలావిడ మంచం మీద కూర్చుని చదువుకుంటోంది. ఇక్కడైతే డాబాల మీద ఎండలో చదువుకునేవాళ్ళని పైనుంచి తీశారు. 1971లో ఇవన్నీ కలిపి పుస్తకంగా వేశారు. ఒక్కరూ కెమెరా వైపు చూడరు. అసలు ఫోటో తీస్తున్నట్టే వాళ్ళకి తెలీనట్టుంటుంది.

నేనూ ఒకటి తీద్దామనే వచ్చాను. తలలు వంచుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అన్నీ ఫోన్లలోకే. చివరికి ఒక బెంచీ మీద ఒకావిడ కనిపించింది, చేతిలో లావుపాటి పుస్తకం. అడిగితే చదవడం ఆపేస్తుంది, అడక్కుండా తియ్యడానికి మనసొప్పలేదు. అందుకే మీకు చూపిస్తున్నది వెనకనుంచి, జడ మాత్రమే.

మా ఆల్బమ్‌లన్నీ వెతికినా చదువుతున్న మనిషి ఫోటో ఒక్కటీ లేదు. అందరూ నిటారుగా, ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళే. కానీ నాకు గుర్తున్న నాన్న మాత్రం వరండాలో పేపర్ వెనకే ఉంటారు. పక్కనే చల్లారిపోయిన కాఫీ.

రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున్న ఏడు. "అమ్మా, నాన్న పేపర్ చదువుతుంటే చెప్పకుండా ఒక ఫోటో తీసి పంపవా?" అన్నాను.

"ఏమండీ, పిల్ల ఫోటో అడుగుతోంది, ఆ బనియన్ మార్చుకుని రండి!"

పది నిమిషాల్లో వచ్చింది. ఇదిగో, చూడండి. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, ఒళ్ళో మడతపెట్టిన పేపర్. చూపు మాత్రం సూటిగా మన వైపే.