నిప్పుకి ముందు కత్తి: ఫ్రెడ్డీ లెతులి స్మృతిలో

సభకు నమస్కారం.

పసిఫిక్ సముద్రపు దీవులైన సమోవా భాషలో ‘సివ’ అంటే నాట్యం, ‘ఆఫి’ అంటే నిప్పు. సివ ఆఫి అనగానే మన చెవులకు శివుడూ తాండవమూ తడతాయి గానీ, ఆ మాటకీ మన శివుడికీ చుట్టరికమేమీ లేదు. హవాయిలో రాత్రి విందుల్లో ఆఖరి అంశంగా వచ్చే ఆ నిప్పు కత్తి నాట్యానికి నిప్పు అంటించిన మనిషి ఫ్రెడ్డీ లెతులి. ఆయనది అమెరికన్ సమోవా, అంటే ఆ దీవుల్లో అమెరికా పాలనలో ఉన్న భాగం. ఆయన్ని తలుచుకునేవాళ్ళు చాలామంది ఆ నిప్పు దగ్గరే ఆగిపోతారు. కత్తి దగ్గర మొదలుపెడితే తప్ప ఆయన చేసిందేమిటో అర్థం కాదు.

ఆ కత్తి పేరు నిఫో ఓటి. ‘నిఫో’ అంటే దంతం. పూర్వం గట్టి చెక్కతో, అంచు పొడవునా పళ్ళు చెక్కి చేసేవారు. ఐరోపా ఓడలతో ఇనుము వచ్చాక చెరుకు నరికే కత్తి దాని స్థానంలోకి వచ్చింది, కొసన కొక్కెం చేరింది. యోధులు యుద్ధ సన్నాహంగా, ఊరేగింపు ముందు ఈ ఆయుధాన్ని తిప్పుతూ కదిలేవారు. ఆ తిప్పడాన్ని ‘ఆఇలావో’ అంటారు. మన కర్రసాము చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు: మణికట్టు మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, చేయి మార్చడం, వీపు వెనక నుంచి తీయడం, కాలి కింద నుంచి దాటించడం, పైకి ఎగరేసి పట్టుకోవడం. తేడా ఒక్కటే. కర్ర ఎక్కడ పట్టుకున్నా కర్రే. కత్తికి ఒక వైపు అంచు, కొసన కొక్కెం, రెండు కొసల బరువూ వేర్వేరు. గాలిలోంచి దిగేటప్పుడు పిడి ఏ వైపుందో కన్ను ముందే పట్టేయాలి.

1946లో లెతులి ఈ కత్తి నాట్యం ప్రదర్శించడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నారు. గోల్డెన్ గేట్ పార్కులో సాధన జరుగుతుండగా దగ్గర్లో ఇద్దరు కనిపించారు: నిప్పు మింగే ఒక హిందూ కళాకారుడు, కొసలకి మంట పెట్టిన బేటన్లు (చేతిలో తిప్పే పొట్టి కర్రలు) తిప్పే ఒక చిన్నమ్మాయి. లెతులి ఆ కళాకారుడి దగ్గర కాస్త ఇంధనం అడిగి తీసుకుని, కత్తికి తువ్వాళ్ళు చుట్టి, తడిపి, వెలిగించారు. సివ ఆఫి పుట్టుక అదీ. మన జాతరల్లో నోట్లోంచి మంట ఊదేవాళ్ళని అడుక్కునేవాళ్ళుగా చూసే అలవాటు మనకుంది. పసిఫిక్ సముద్రపు ఒక నాట్యం అలాంటి చేతి నుంచి ఇంధనం అందుకుందని గుర్తుంచుకుంటే మంచిది.

తువ్వాలు చుట్టి వెలిగించడం వినడానికి తేలిక. చిక్కులన్నీ చుట్టడంలోనే ఉన్నాయి. వదులుగా చుడితే తిప్పే వేగానికి మండుతున్న గుడ్డ జారి జనం మీదికి ఎగురుతుంది. అందుకే బిగించి చుట్టి, ఇనుప తీగతో కట్టాలి. ఇంధనంలో ముంచి తీసిన కత్తిని వెంటనే వెలిగించకూడదు. ముందు గట్టిగా విదిలించి మిగులు రాల్చాలి. లేకపోతే మొదటి చుట్టులోనే మండే చుక్కలు చేతి మీద, భుజం మీద పడతాయి. డబ్బా మూత బిగించి మంటకి దూరంగా పెట్టాకే అగ్గిపుల్ల తీయాలి. కిరోసిన్ మెల్లగా అంటుకుంటుంది, పొగ ఎక్కువ. శిబిరాల స్టవ్వుల్లో వాడే ‘వైట్ గ్యాస్’ అనే ద్రవ ఇంధనం చప్పున అంటుకుని తేటగా మండుతుంది గానీ, దాని ఆవిరికే నిప్పంటుకుంటుంది. పెట్రోలు జోలికి అసలు పోకూడదు. నడుముకి కట్టే లావాలావా నూలుదే కావాలి. పాలియెస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. తడిపిన దుప్పటి పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడి ఉండాలి. అతనికి వేరే పని చెప్పకూడదు.

కొత్తవాళ్ళు భయంతో నెమ్మదిగా తిప్పుతారు. ప్రమాదం అక్కడే. వేగంగా తిరిగే కత్తికి మంట వెనక్కి సాగి తోకలా పోతుంది. వేగం తగ్గితే మంట నిటారుగా లేస్తుంది. మండే కొస చేతికి కింద ఉందంటే సెగ తిన్నగా మణికట్టుకే తగులుతుంది. పిడిని బిగబట్టినా ఇదే జరుగుతుంది, మణికట్టు బిగుసుకుని చుట్టు ఆగిపోతుంది. పైగా ఇనుము వేడిని మోసుకొస్తుంది కాబట్టి పట్టుకునే చోట గుడ్డ చుట్టి ఉండాలి. అరికాలితో మంటని తాకడం, నాలుకకి ఆనించడం, మండే చోటే పట్టుకోవడం అన్నీ నిజంగా చేసేవే. అయితే తాకడం ఎంతసేపో, వదలడం ఎప్పుడో తెలియనివాడికి అవి బొబ్బలే.

ఇక కుటుంబం సంగతి. సమోవాలో కుటుంబాన్ని ‘ఆఇంగా’ అంటారు. అందులో ఆలుబిడ్డలే కాదు, వంశమంతా ఉంటుంది. దానికి పెద్ద ‘మతాయి’. లెతులి అన్నది అలాంటి మతాయి బిరుదు. ఈ నర్తకుడు లెతులి ఓలో మిసిలాంగిగా ఆ బిరుదు ధరించి పెద్ద నాయకుడి హోదా పొందారు. ఉమ్మడి భూమిని చూసుకోవడం, తగవులు తీర్చడం, పెళ్ళికీ చావుకీ పంపే చాపలూ డబ్బూ సమకూర్చడం మతాయి పని. కుటుంబం ఒప్పుకుంటేనే బిరుదు వస్తుంది. ‘ఓ లే ఆలా ఇ లే పూలే ఓ లే తౌతువా’ అని అక్కడి సామెత: అధికారానికి దారి సేవే. తెల్లవాళ్ళ వేదికల మీద చప్పట్లు కొట్టించుకున్నవాడు చాపలు లెక్కపెట్టే పనిలో కూర్చోవడం మనకి వింతగా ఉండొచ్చు. సమోవా లెక్కలో పెద్ద హోదా ఆ రెండోదే.

1993 నుంచి హవాయిలోని లాయియేలో, పాలినేషియన్ కల్చరల్ సెంటర్‌లో ప్రపంచ నిప్పు కత్తి పోటీలు జరుగుతున్నాయి. పెద్దలు రెండు కత్తులు తిప్పుతారు. ఒకటి మండుతుండగా రెండోది దానితోనే అంటిస్తారు. చెక్క డప్పుల వేగం పెరిగేకొద్దీ చేతి వేగమూ పెరగాలి. కత్తి జారితే మార్కులు పోతాయి. పిల్లలకీ వేరే విభాగం ఉంది. నేర్పేటప్పుడు వాళ్ళ చేతికి ముందు కర్ర ఇస్తారు, తర్వాత అంచు మొద్దు చేసిన కత్తి. అగ్గిపెట్టె బయటికి వచ్చేది ఆ తర్వాతే.